ఈఐటీసీ మీకు వస్తుందా? జీతం లెక్క వేసే ముందు చూసుకోవాల్సినవి

జనవరి చివర్లో డబ్ల్యూ-2లు (కంపెనీ ఇచ్చే ఏడాది జీతం కాగితాలు) చేతికొచ్చాయంటే చాలు, అమెరికాలో మనవాళ్ల దగ్గర ఒకటే ప్రశ్న. "మా తోడల్లుడికి ఏడు వేల డాలర్ల రిఫండ్ వచ్చిందట, ఆయన జీతం నాకంటే ఎక్కువే, మరి నాకెందుకు రాలేదు?" ఆ ఏడు వేలలో పెద్ద భాగం చాలాసార్లు ఈఐటీసీ అయి ఉంటుంది, అంటే ఎర్న్‌డ్ ఇన్‌కమ్ ట్యాక్స్ క్రెడిట్. పని చేస్తూ తక్కువ సంపాదించే కుటుంబాల కోసం 1975 నుంచి అమెరికాలో ఉన్న క్రెడిట్ ఇది. మీరు కట్టాల్సిన ఫెడరల్ ట్యాక్స్ సున్నా అయినా సరే, క్రెడిట్ డబ్బు మీ చేతికిస్తారు.

నేను వీకెండ్లలో ఫ్రీ ట్యాక్స్ హెల్ప్ దగ్గర వాలంటీరుగా కూర్చుంటాను. వచ్చేవాళ్లలో గ్యాస్ స్టేషన్‌లో, మోటల్‌లో, డేకేర్‌లో, వేర్‌హౌస్‌లో పని చేసేవాళ్లు, అన్నయ్యో అక్కయ్యో పిటిషన్ వేస్తే ఏళ్ల తరబడి ఎదురుచూసి నలభై అయిదేళ్ల వయసులో గ్రీన్ కార్డుతో దిగినవాళ్లు, మధ్యలో ఉద్యోగం పోయిన హెచ్-1బీ వాళ్లు ఉంటారు. అందరూ ముందు అడిగేది "ఎంత జీతం లోపు ఉండాలి?" అనే. జీతం పట్టిక ఆఖర్న చూడాలండి. ఈ క్రెడిట్ పోయేది ఎక్కువగా ఎస్‌ఎస్‌ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబరు) కార్డు దగ్గర, వీసా స్టేటస్ దగ్గర, పిల్లలు ఆ ఏడాది ఎక్కడ ఉన్నారన్న దగ్గర. అందుకే కింద స్టెప్పులు ఆ వరసలోనే రాశాను. ఎక్కడ "కాదు" అని వస్తే అక్కడ ఆగి, పక్కన ఇంకో దారి ఉందేమో చూసి, లేకపోతే వదిలేయండి.

ఇందులో అంకెలన్నీ 2025 సంవత్సరం ఆదాయానివి, అంటే 2026 ఏప్రిల్ 15 లోపు ఫైల్ చేసే రిటర్న్‌వి. ఇవి ఏటా కొంచెం మారతాయి.

ముందు ఇవి బల్ల మీద పెట్టుకోండి

- మీది, భార్య లేదా భర్తది, పిల్లలందరివి ఎస్‌ఎస్‌ఎన్ కార్డులు. నంబరు నోటికి వస్తే చాలదు, కార్డే కావాలి.
- అన్ని డబ్ల్యూ-2లు, 1099లు (జీతం కాని ఆదాయం చూపే కాగితాలు). ఊబర్, డోర్‌డాష్ నడిపితే ఏడాది మొత్తం మైళ్ల లెక్క.
- పాస్‌పోర్టులు. స్టాంపులు సరిగా లేకపోతే ఐ-94 (అమెరికాకు రాకపోకల రికార్డు) వెబ్‌సైట్‌లో దొరికే ట్రావెల్ హిస్టరీ.
- ఇండియా బ్యాంకు వడ్డీ స్టేట్‌మెంట్లు, అద్దెలు, ఏదైనా స్థలం అమ్మితే ఆ కాగితాలు.
- పిల్లలు మీ అడ్రస్‌లోనే ఉన్నారని చూపే స్కూలు లేదా డాక్టరు కాగితం. ఇది రిటర్న్‌తో పంపక్కర్లేదు, కానీ ఇప్పుడే తీసి పెట్టుకుంటే తర్వాత టెన్షన్ ఉండదు.

1. ఎస్‌ఎస్‌ఎన్ కార్డు మీద ఏం రాసి ఉందో చదవండి

కార్డు తీసి పేరు పైన ఏదైనా లైను ఉందేమో చూడండి. ఏమీ లేకపోతే ఇబ్బంది లేదు. "వ్యాలిడ్ ఫర్ వర్క్ ఓన్లీ విత్ డీహెచ్‌ఎస్ ఆథరైజేషన్" అని ఉంటే, మీ పని అనుమతి ఇంకా చెల్లుబాటులో ఉన్నంత వరకే ఆ నంబరు ఈ క్రెడిట్‌కు పనికొస్తుంది. "నాట్ వ్యాలిడ్ ఫర్ ఎంప్లాయ్‌మెంట్" అని ఉన్న పాత కార్డుతోనే గ్రీన్ కార్డు వచ్చాక కూడా కొందరు తిరుగుతుంటారు. అలాంటివాళ్లు సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకు వెళ్లి కొత్త కార్డు తీసుకోండి.

ఐటీఐఎన్ (ఎస్‌ఎస్‌ఎన్ రానివాళ్లకు ట్యాక్స్ కోసం ఇచ్చే నంబరు) మాత్రం పనికిరాదు. మన ఇళ్లలో ఎక్కువ దెబ్బ తగిలేది ఇక్కడే. భర్త హెచ్-1బీ, భార్య హెచ్-4 (డిపెండెంటు వీసా), ఆమెకు ఐటీఐఎన్, పిల్లలిద్దరూ ఇక్కడ పుట్టిన సిటిజన్లు. ఆ ఏడాది ఫిబ్రవరిలో లేఆఫ్ అయి మొత్తం ఆదాయం ముప్పై వేలే అయినా సరే, జాయింట్ రిటర్న్‌లో ఒక్కరికి ఐటీఐఎన్ ఉంటే ఇద్దరికీ క్రెడిట్ పోయినట్టే. ఒకే ఇంట్లో ఉంటూ విడివిడిగా ఫైల్ చేసినా రాదు. ఆమెకు ఇంతకుముందు ఈఏడీ (పని అనుమతి కార్డు) మీద వచ్చిన ఎస్‌ఎస్‌ఎన్ ఉంటే, ఆ ఈఏడీ గడువు ఎప్పటి దాకా ఉందో చూసుకోండి. అయిపోయిన ఈఏడీ మీద నడిచే ఎస్‌ఎస్‌ఎన్‌ని నమ్ముకుని క్లెయిమ్ చేయొద్దు.

పిల్లల్లో ఒకరికి ఐటీఐఎన్ ఉంటే ఆ ఒక్కరినే ఈ లెక్కలోంచి తీసేస్తారు, ఎస్‌ఎస్‌ఎన్ ఉన్న మిగతా పిల్లలకు ఇబ్బంది లేదు. పిల్లలెవరికీ ఎస్‌ఎస్‌ఎన్ లేకపోతే, పిల్లలు లేనివాళ్ల కింద వచ్చే చిన్న క్రెడిట్ అడగొచ్చు.

నంబర్లు ఎప్పుడు వచ్చాయన్నదీ ముఖ్యమే. రిటర్న్ గడువు తేదీ నాటికి, ఎక్స్‌టెన్షన్ వేసుకుంటే ఆ గడువు నాటికి ఎస్‌ఎస్‌ఎన్ వచ్చి ఉండాలి. ఆ తర్వాత వచ్చిన నంబరుతో పాత ఏడాదికి వెనక్కి వెళ్లి అడగడానికి కుదరదు. కార్డు కోసం ఎదురుచూస్తున్నవాళ్లు ఏప్రిల్ 15కి ముందే ఎక్స్‌టెన్షన్ వేయండి.

ఇంకొకటి, కార్డు మీద పేరు ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా రిటర్న్‌లో అలాగే రాయండి. మన ఇంటిపేర్లతో ఇది పెద్ద తలనొప్పి. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో పడితే వీసా మీద "ఎఫ్‌ఎన్‌యూ" (మొదటి పేరు తెలియదు) అని వస్తుంది, పిల్లాడి కార్డు మీద ఇంటిపేరు లాస్ట్ నేమ్‌గా, తండ్రి కార్డు మీద అసలు పేరే లాస్ట్ నేమ్‌గా ఉంటుంది. తండ్రీకొడుకుల లాస్ట్ నేమ్‌లు వేరుగా ఉన్నా నష్టం లేదు. కార్డులో ఒకటి, రిటర్న్‌లో ఇంకొకటి ఉంటేనే ఈ-ఫైల్ వెనక్కి తిరిగొస్తుంది.

2. ఆ ఏడాదంతా ట్యాక్స్ లెక్కలో రెసిడెంటేనా?

ఎఫ్-1 మీద చదువుతున్న పిల్లలు, ఓపీటీలో (చదువుకు సంబంధించిన పనికి ఇచ్చే అనుమతి మీద) ఉన్నవాళ్లు ఈ స్టెప్ జాగ్రత్తగా చదవండి. ఎఫ్-1 వాళ్లకు మొదటి అయిదు క్యాలెండరు సంవత్సరాల్లో ఇక్కడున్న రోజులు రెసిడెంటా కాదా అని తేల్చే లెక్కలోకి రావు. వాళ్లు నాన్ రెసిడెంటు, ఫైల్ చేయాల్సింది 1040-ఎన్‌ఆర్ అనే నాన్ రెసిడెంట్ల ఫారం. అందులో ఈ క్రెడిట్ లేదు. మామూలు సాఫ్ట్‌వేర్‌లో 1040 (రెసిడెంట్ల ఫారం) నింపుకుంటూ పోతే అది "మీకు ఈఐటీసీ వస్తుంది" అని చూపిస్తుంది, స్నేహితుడికీ వచ్చిందంటాడు. ముట్టుకోవద్దు. తప్పుడు ఫారం ఫైల్ చేసిన సంగతి తర్వాత ఇమిగ్రేషన్ కాగితాల్లో కూడా వెంటాడుతుంది. ఇప్పటికే అలా చేసి ఉంటే 1040-ఎక్స్ అనే సవరణ ఫారంతో సరిచేసి, వచ్చిన డబ్బు తిరిగి కట్టేయండి.

ఏడాదిలో కొంత భాగం నాన్ రెసిడెంటుగా, కొంత రెసిడెంటుగా ఉంటే దాన్ని డ్యూయల్ స్టేటస్ అంటారు. అలా ఒక్క రోజు నాన్ రెసిడెంటుగా ఉన్నా మామూలుగా క్రెడిట్ రాదు. దీనికి ఒక దారి మాత్రం ఉంది: పెళ్లయి, భార్యాభర్తల్లో కనీసం ఒకరు ఏడాది చివరికి రెసిడెంటో సిటిజనో అయి ఉండి, ఇద్దరూ ఏడాదంతా రెసిడెంటుగా చూడమని ఎంచుకుని జాయింట్‌గా ఫైల్ చేయడం. అలా ఎంచుకుంటే ఆ ఏడాది ఇండియాలో సంపాదించిన జీతం, వడ్డీ, అద్దె అన్నీ చూపించాలి.

కొత్తగా గ్రీన్ కార్డుతో దిగిన కుటుంబాలకు ఒక చిన్న లెక్క. మీరు, పిల్లలు ఆగస్టులో దిగి ఉంటే ఈ ఎంపిక గురించి బుర్ర పాడుచేసుకోకండి, అమెరికాలో సగం ఏడాది కంటే ఎక్కువ ఉండాలన్న షరతు దగ్గరే ఆగిపోతారు. ఫిబ్రవరిలోనో మార్చిలోనో దిగినవాళ్లు మాత్రం తప్పకుండా ఎవరితోనైనా చూపించుకోండి.

మరో సంగతి. కొన్ని ఇమిగ్రేషన్ స్టేటస్‌ల వాళ్లకు ఇలాంటి క్రెడిట్ల రిఫండ్ భాగం 2026 ట్యాక్స్ సంవత్సరం నుంచి ఆపేలా నిబంధనలు తెస్తామని అమెరికా ట్రెజరీ శాఖ 2025 నవంబరులో ప్రకటించింది. గ్రీన్ కార్డు లేని వాళ్లు 2026 ఆదాయానికి ఫైల్ చేసే ముందు ఈ విషయం మళ్లీ చూసుకోవాలి.

3. ఫైలింగ్ స్టేటస్

పెళ్లయి కలిసి ఉంటున్నవాళ్లు జాయింట్‌గా ఫైల్ చేయాలి, అంతే. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటూ ఒకరు "హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్" (ఒంటరిగా ఇల్లు నడిపేవాళ్ల స్టేటస్) పెట్టేసి క్రెడిట్ పెంచుకోవచ్చని చెప్పే ప్రిపేరర్లు (డబ్బు తీసుకుని రిటర్న్ నింపేవాళ్లు) ఉన్నారు. అది తప్పు, దొరికితే కట్టేది మీరే.

విడిగా ఉంటున్నవాళ్లకు దారి ఉంది. భర్త ఇండియాలో ఉద్యోగంలో ఉన్నాడు, మీరు పిల్లలతో ఇక్కడ ఉన్నారనుకోండి, లేదా కలిసి ఉండలేక విడిపోయారనుకోండి. ఏడాది చివరి ఆరు నెలలు ఇద్దరూ ఒకే ఇంట్లో లేకుండా, పిల్లలు సగం ఏడాది కంటే ఎక్కువ మీ దగ్గరే ఉంటే, జాయింట్‌గా కాకుండానే మీరు క్లెయిమ్ చేయొచ్చు. విడాకుల కాగితం రాలేదు కాబట్టి ఏమీ రాదనుకుని ఊరుకునే ఆడవాళ్లు చాలామంది ఉన్నారు. మీకు తెలిసినవాళ్లెవరైనా అలా ఉంటే ఈ ఒక్క పేరా చదివి వినిపించండి.

4. పిల్లలు

పిల్లలంటే మీ కొడుకు, కూతురే కానక్కర్లేదు. మనవలు, తమ్ముళ్లు, చెల్లెళ్లు, మేనల్లుళ్లు, మేనకోడళ్లు కూడా లెక్కలోకి వస్తారు. వయసు ఏడాది చివరికి 19 లోపు, ఫుల్ టైమ్ స్టూడెంట్ అయితే 24 లోపు ఉండాలి. పూర్తిగా, శాశ్వతంగా వైకల్యం ఉన్నవాళ్లకు వయసు పరిమితి లేదు.

అసలు చిక్కు నివాసం దగ్గర. బిడ్డ మీతో అమెరికాలో సగం ఏడాది కంటే ఎక్కువ, అంటే 183 రోజులు ఉండాలి. కాలేజీ హాస్టల్లో ఉన్న అమ్మాయి, వేసవి సెలవులకు రెండున్నర నెలలు విజయవాడ వెళ్లొచ్చిన పిల్లలు మీతో ఉన్నట్టే లెక్క, చదువుకీ సెలవులకీ వెళ్లడం తాత్కాలికమే కాబట్టి. ఆ ఏడాది పుట్టిన బిడ్డ డిసెంబరు 30న పుట్టినా ఏడాదంతా మీతో ఉన్నట్టే చూస్తారు.

కానీ ఇద్దరూ షిఫ్టుల్లో పని చేస్తూ, చూసేవాళ్లు లేక, ఏడాది బిడ్డను గుంటూరులో అమ్మమ్మ దగ్గర వదిలి వచ్చిన వాళ్ల సంగతి వేరు. బిడ్డ సిటిజన్, ఎస్‌ఎస్‌ఎన్ ఉంది, డబ్బు పంపేది మీరే, అన్నీ నిజమే. అయినా ఇక్కడ చూసేది ఖర్చు ఎవరు పెట్టారని కాదు, బిడ్డ ఎక్కడ ఉందని. ఎనిమిది నెలలు అక్కడ పెరిగిన బిడ్డను "తాత్కాలికంగా వెళ్లింది" అని రాయొద్దు. పాస్‌పోర్టు తెరిచి, ఇండియా ఇమిగ్రేషన్ వేసిన రాక, పోక స్టాంపుల మధ్య రోజులు కాగితం మీద కూడండి. 2025లో బిడ్డ ఇక్కడున్న రోజులు 183కి తగ్గితే ఆ ఏడాదికి ఆ బిడ్డను పక్కన పెట్టండి. వచ్చే ఏడాది బిడ్డ మీ దగ్గరే ఉంటే అప్పుడు హాయిగా అడగొచ్చు.

ఒకే ఇంట్లో తాతయ్య, నానమ్మ, కొడుకు, కోడలు, మనవడు ఉంటే మనవడిని ఒక్కరే చూపాలి. ముందు హక్కు తల్లిదండ్రులది. వాళ్లు చూపకుండా వదిలేస్తే, తాతయ్య ఆదాయం వాళ్లకంటే ఎక్కువైతేనే ఆయన చూపగలరు. ఇద్దరూ చూపితే రెండో రిటర్న్ ఈ-ఫైల్‌లో తిరిగొస్తుంది, ఉత్తరాలు మొదలవుతాయి.

5. పిల్లలు లేనివాళ్లు

వయసు 25 నుంచి 64 మధ్య ఉండాలి, జాయింట్ అయితే ఇద్దరిలో ఒకరికి ఉంటే చాలు. సగం ఏడాది కంటే ఎక్కువ అమెరికాలో ఉండాలి, ఇంకెవరి రిటర్న్‌లోనూ డిపెండెంటు (వాళ్ల మీద ఆధారపడ్డవారు) కాకూడదు. కొడుకు స్పాన్సర్ చేస్తే వచ్చి, అరవయ్యేళ్ల వయసులో స్టోర్‌లో కొన్ని గంటలు పని చేసే అమ్మానాన్నలకు ఇది వర్తిస్తుంది. వాళ్లను కొడుకు డిపెండెంట్లుగా చూపాడా అని ముందు అడగండి. ఏటా ఆర్నెల్లు ఊళ్లో గడిపే పెద్దవాళ్లు ఇక్కడున్న రోజులు కూడా లెక్కపెట్టుకోవాలి.

6. ఏ ఆదాయం లెక్కలోకి వస్తుంది

పని చేసి సంపాదించింది ఉండాలి: జీతం, టిప్పులు, సొంత పని మీద వచ్చిన నికర ఆదాయం. అన్‌ఎంప్లాయ్‌మెంట్ డబ్బు, వడ్డీ, పెన్షన్, అద్దె సంపాదన కిందికి రావు, కానీ మొత్తం ఆదాయంలో కలిసి పరిమితి దాటించగలవు. క్యాష్‌లో జీతం తీసుకున్నా ఆదాయమే, చూపించాలి.

ఊబర్, డోర్‌డాష్ వాళ్లు రెండు వైపులా తప్పు చేస్తారు. కొందరు ఖర్చులు రాయరు. 2025కి మైలుకి 70 సెంట్లు తీయొచ్చు, తీయాలి కూడా, ఎందుకంటే క్రెడిట్ కోసం ఖర్చులు దాచి ఆదాయం పెంచి చూపడం నేరమే. ఇంకొందరికి ప్రిపేరరే లేని బిజినెస్ ఒకటి సృష్టించి "హౌస్ క్లీనింగ్, పదిహేను వేలు" అని రాసేస్తాడు. సంతకం పెట్టే ముందు షెడ్యూల్ సీ (సొంత పని ఆదాయం చూపే) పేజీ ఉందేమో చూడండి. మీరు చేయని పని అక్కడ ఉంటే లేచి వచ్చేయండి.

ఇక పెట్టుబడి ఆదాయం. 2025లో ఇది 11,950 డాలర్లు దాటితే క్రెడిట్ మొత్తం పోతుంది, కొంచెం తగ్గడం కాదు. మనవాళ్లు "నాకేం పెట్టుబడులు లేవు" అంటారు, ఇండియా గుర్తురాదు. ఎన్‌ఆర్‌ఓ వడ్డీ, ఎన్‌ఆర్‌ఈ ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ (అక్కడ ట్యాక్స్ లేకపోయినా ఇక్కడ ఉంది), ఊళ్లో ఇంటి అద్దెలో ఖర్చులు పోగా మిగిలింది, షేర్ల లాభం, అన్నిటికంటే ముఖ్యంగా స్థలం అమ్మిన లాభం. శంషాబాద్ దగ్గర ప్లాటు అమ్మితే వచ్చిన లాభమే పదిహేను లక్షలుంటే ఆ ఏడాదికి ఈ క్రెడిట్ మర్చిపోండి. నాన్నగారు ప్రేమగా పంపిన డబ్బు మాత్రం ఆదాయం కాదు. ఇండియా ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల రిపోర్టు) విడిగా ఫైల్ చేయాలని కూడా ఈ సందర్భంలోనే గుర్తుపెట్టుకోండి.

7. ఇప్పుడు పట్టిక

2025కి మొత్తం ఆదాయం, సంపాదన రెండూ ఈ అంకెల లోపు ఉండాలి. మొదటిది పెళ్లి కానివాళ్లకు, హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్‌కు; రెండోది జాయింట్ వాళ్లకు; చివరిది గరిష్ఠ క్రెడిట్.

- పిల్లలు లేకపోతే: 19,104 / 26,214 / 649 డాలర్లు
- ఒకరుంటే: 50,434 / 57,554 / 4,328 డాలర్లు
- ఇద్దరుంటే: 57,310 / 64,430 / 7,152 డాలర్లు
- ముగ్గురు, ఆపైన: 61,555 / 68,675 / 8,046 డాలర్లు

పరిమితి లోపు ఉన్న అందరికీ గరిష్ఠం రాదు. సంపాదన పెరిగే కొద్దీ క్రెడిట్ పెరుగుతుంది, కొంత దూరం నిలకడగా ఉంటుంది, తర్వాత తగ్గుతూ సున్నా అవుతుంది. ఒక ఉదాహరణ: గ్రీన్ కార్డు దంపతులు, ఇద్దరు పిల్లలు, గ్యాస్ స్టేషన్‌లో ఆయనకు 34,000, డేకేర్‌లో ఆమెకు 9,000, మొత్తం 43,000. ఇద్దరు పిల్లలున్న జాయింట్ వాళ్లకు 30,470 దాటిన ప్రతి డాలరుకూ 21.06 సెంట్లు తగ్గుతుంది. 12,530 ఎక్కువ ఉంది కాబట్టి సుమారు 2,640 పోయి, చేతికి 4,500 చిల్లర వస్తుంది. మీకంటే తక్కువ సంపాదించే ఇంకొకరికి ఏడు వేలొచ్చి మీకు నాలుగున్నర రావడానికి కారణం చాలాసార్లు ఇంతే.

ఇదే కుటుంబం కంపెనీ 401కే (రిటైర్మెంట్ పొదుపు) ఖాతాలో ఇంకో రెండు వేలు వేసి ఉంటే డబ్ల్యూ-2 మొదటి గడిలో అంకె అంత తగ్గి, క్రెడిట్ 420 డాలర్ల దాకా పెరిగేది. ఇది ఏడాది లోపలే చేయాలి. ఏప్రిల్‌లో ఐఆర్‌ఏలో (సొంతంగా తెరుచుకునే రిటైర్మెంట్ ఖాతాలో) వేస్తే ఈ లాభం రాదు, ఎందుకంటే దాని వల్ల సంపాదన అంకె తగ్గదు.

8. ఫైల్ చేసేటప్పుడు

ఐఆర్‌ఎస్ (అమెరికా ట్యాక్స్ శాఖ) వెబ్‌సైట్‌లో "ఈఐటీసీ అసిస్టెంట్" ఉంది, పేరు నంబరు అడగదు, ముందు అందులో ఒకసారి చూసుకోండి. తర్వాత 1040తో పాటు, పిల్లలుంటే షెడ్యూల్ ఈఐసీ జతచేయాలి. డబ్బు పెట్టి ప్రిపేరర్ దగ్గరకు వెళ్లక్కర్లేదు, వీటా (వాలంటీర్ల ట్యాక్స్ హెల్ప్) సెంటర్లలో ఉచితంగా చేస్తారు. డబ్బిచ్చి చేయించుకుంటే మాత్రం, రిఫండ్‌లో ఇంత శాతం అని అడిగేవాళ్ల దగ్గర, పీటిన్ (ప్రిపేరర్లకు ఐఆర్‌ఎస్ ఇచ్చే) నంబరుతో సంతకం పెట్టని వాళ్ల దగ్గర చేయించుకోకండి. రిఫండ్ పడే బ్యాంకు ఖాతా నంబరు మీదేనా అని కాపీలో చూడండి.

రాష్ట్రం క్రెడిట్ విడిగా ఉంటుంది. న్యూజెర్సీ ఫెడరల్ క్రెడిట్‌లో 40 శాతం, ఇల్లినాయ్ 20 శాతం ఇస్తాయి. కాలిఫోర్నియా తన క్రెడిట్‌కు ఐటీఐఎన్ కూడా ఒప్పుకుంటుంది, కాబట్టి ఒకటో స్టెప్‌లో ఆగిపోయిన తక్కువ ఆదాయం వాళ్లు అక్కడ చూసుకోవాలి. టెక్సాస్‌లో ఇన్‌కమ్ ట్యాక్సే లేదు, ఈ క్రెడిటూ లేదు.

9. వచ్చిందా లేదా చూసుకోవడం

రిటర్న్ కాపీలో 1040 రెండో పేజీలో 27వ లైన్ దగ్గర అంకె ఉండాలి. పైన వేసుకున్న మీ లెక్కకు దగ్గరగా ఉందా చూడండి. సున్నా ఉంటే పిల్లల పుట్టిన తేదీ, ఎస్‌ఎస్‌ఎన్, మీతో ఉన్న నెలల గడి చూడండి. ఎక్కువగా ఆ నెలల గడి ఖాళీగా వదిలేసి ఉంటారు.

జనవరిలోనే ఫైల్ చేసినా, ఈ క్రెడిట్ ఉన్న రిఫండ్ ఫిబ్రవరి మధ్య దాకా ఇవ్వకూడదని 2015 నాటి చట్టం ఉంది. చాలామందికి మార్చి మొదట్లో ఖాతాలో పడుతుంది. అంతవరకు "వేర్ ఈజ్ మై రిఫండ్" పేజీ చూస్తే చాలు, ఆ డబ్బు మీద అప్పు తీసుకోకండి.

సీపీ75 అనే ఉత్తరం వస్తే భయపడొద్దు, పక్కన పడేయొద్దు కూడా. పిల్లలు మీతో ఉన్నట్టు రుజువు అడుగుతున్నారని అర్థం. స్కూలు, డాక్టరు, డేకేర్ లెటర్‌హెడ్ మీద పిల్లాడి పేరు, మీ అడ్రస్, 2025 తేదీలు మూడూ ఉండాలి. అడ్రస్ లేని రిపోర్ట్ కార్డు పంపి చాలామంది క్రెడిట్ పోగొట్టుకుంటారు. బంధువులే బిడ్డను చూసుకుంటుంటే వాళ్ల ఉత్తరం ఒక్కటీ సరిపోదు, ఇంకో కాగితం జతచేయండి. గడువు లోపు పంపండి, కాపీ ఉంచుకోండి. ఒకసారి కాదన్నాక మళ్లీ అడగాలంటే ఫారం 8862 పెట్టాలి. నిర్లక్ష్యంగా తప్పు క్లెయిమ్ చేశారని తేలితే రెండేళ్లు, మోసమని తేలితే పదేళ్లు ఈ క్రెడిట్ ఆపేస్తారు.

సీపీ09 లేదా సీపీ27 వస్తే అది మంచి ఉత్తరం. మీకు రావాల్సింది మీరు అడగలేదేమో చూసుకోమని ఐఆర్‌ఎస్సే రాస్తోంది, లోపల ఉన్న వర్క్‌షీట్ నింపి పంపండి.

పాత ఏళ్లలో అర్హత ఉండి వదిలేసినవాళ్లకు మూడేళ్ల గడువు ఉంది. 2022 రిటర్న్ అసలు వేయనివాళ్లు 2026 ఏప్రిల్ 15 లోపు వేయొచ్చు. అప్పటి రిటర్న్ గడువు నాటికి అందరికీ ఎస్‌ఎస్‌ఎన్ ఉండి ఉండాలి, ఆ ఏడాది పట్టికే చూడాలి.